అమ్మమ్మ ముడిరవిక, కావ్యాల కుప్పసం

మన ఆడవాళ్ళకి రవిక తొడుక్కోవడం తెల్లదొరసానులు నేర్పారనే మాట నేను ఒప్పుకోను. ఫోన్లో వచ్చిందని చెప్పినా, పెద్దవాళ్ళు అనేవారని చెప్పినా, టీవీలో ఎవరో కండువా సర్దుకుంటూ గంభీరంగా సెలవిచ్చినా సరే, ఒప్పుకోను. ఈ కథ చెప్పేవాళ్ళందరిదీ ఒకటే వరస. పూర్వం మన ఆడవాళ్ళు చీర కొంగుతోనే సరిపెట్టుకునేవారట. దొరల భార్యలు ఓడ దిగారట. వాళ్ళని చూసి మనవాళ్ళు సిగ్గుపడి జాకెట్లు కుట్టించుకున్నారట. సాక్ష్యం ఏదంటే గుడి గోడల మీద బొమ్మలు చూపిస్తారు. చెక్కినాయనకి రాతిలో బట్ట చూపించడం ఇష్టం లేకపోతే, ఊళ్ళో ఆడవాళ్ళెవరికీ బట్టే లేదని తేల్చేయడమేనా? ఆ బొమ్మల మెడలో ఉన్నన్ని హారాలు ఊళ్ళో అందరి మెడల్లోనూ ఉండేవని మాత్రం ఎవరూ అనరెందుకో.

జాకెట్టు అనే మాట ఇంగ్లీషువాళ్ళది. ఇచ్చేస్తాను. హుక్కులు తరవాత వచ్చాయి. అవీ ఇచ్చేస్తాను. బుట్టచేతులు కూడా కావాలంటే పట్టుకుపొమ్మంటాను. కానీ వాళ్ళ ఓడ మన రేవుకి రావడానికి ఎంతో ముందే మన కావ్యాల్లో కుప్పసం ఉంది. నేను డిగ్రీలో తెలుగు స్పెషల్ చదివాను. రాణులూ, దాసీలూ, నాట్యం చేసేవాళ్ళూ తొడుక్కున్న కుప్పసాల బిగువు గురించీ, రంగు గురించీ, చెమటకి తడిసిన తీరు గురించీ కవులు పద్యాల మీద పద్యాలు రాస్తే వాటికి తాత్పర్యాలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. సంస్కృతంలో కూర్పాసం అనే మాట మన నోట్లో నలిగి కుప్పసం అయిందని మా లెక్చరర్ చెప్పారు. కన్నడంలో ఆ మాట ఇప్పటికీ రవికకే ఉంది. మనం మాత్రం దాన్ని పాముకిచ్చేశాం. పాము విడిచిన పొరని కుబుసం అంటామే, అది కూడా ఈ కుప్పసమే. ఒంటిని అంటిపెట్టుకుని ఉండే తొడుగు కదా, పాముకైనా మనిషికైనా.

అందరూ తొడుక్కున్నారని నేననను. కొందరికి కొనుక్కునే తాహతు లేదు. కొందరు ఊడ్పుల్లోనూ కోతల్లోనూ అడ్డమని వద్దనుకున్నారు. భర్త పోయిన ఆడవాళ్ళని రవిక తొడుక్కోనివ్వని ఇళ్ళు మన జిల్లాల్లోనే ఉండేవి. లేకపోవడం వేరు, వద్దనుకోవడం వేరు, తొడుక్కోనివ్వకపోవడం వేరు. ఈ మూడింటినీ కలిపి ముద్దచేసి "మనకి తెలీదు, వాళ్ళు నేర్పారు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ విషయం మీద నేను ఆఖరుసారి గొడవపడింది మా బాబాయితో. మా అమ్మ చెల్లెలి భర్త. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. లెక్కలు తప్ప మిగతావన్నీ తనకి బాగా తెలుసని ఆయన నమ్మకం. వాళ్ళది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఆ రోజు నేను రాజమండ్రి నుంచి పిన్నిని చూడ్డానికి వెళ్ళాను. పిన్నికి రొమ్ము క్యాన్సర్ వచ్చి, ఎడమవైపు తీసేశారు. చంకలో గడ్డలు కూడా తీయాల్సి వచ్చింది. మందులు, రేడియేషన్ కరెంటు పెట్టడం అన్నీ అయిపోయాయి. రిపోర్టులు బాగున్నాయని డాక్టరుగారు నవ్వుతూ చెప్పారు. బాగా లేనిది పిన్ని ఒక్కతే.

నడవలో నలుగురం కూర్చున్నాం. పిన్ని, బాబాయి, నేను, పిన్ని కోడలు. కోడలంటే నాకు మరదలు, మా తమ్ముడి భార్య. ఎవరికీ ఏం మాట్లాడాలో తోచడం లేదు. అటువంటప్పుడు బాబాయి చేసే పని ఒకటే. ఫోన్ తీసి ఎవరో పంపించింది పైకి చదవడం. ఆ రోజు ఆయన చేతికి దొరికింది ఈ దొరసానుల కథ.

"చూసేవా అమ్మాయ్, మీ ఆడవాళ్ళ జాకెట్టు కూడా మనది కాదుట" అన్నాడు.

"ఎవరిదిట?"

"దొరసానులదిట. ఇందులో స్పష్టంగా రాశారు."

"మరి మా అమ్మమ్మ ముడిరవిక ఏ దొరసాని కుట్టిచ్చింది బాబాయ్? మీ అత్తగారే కదా, చూళ్ళేదా?"

"అత్తగారి రవిక వంక చూస్తానా నేను!" అన్నాడు బాబాయి. ఆ మాటకి మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. పిన్ని మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి ఎదురింటి అరుగు వంక చూస్తోంది.

ఆ అరుగు సంగతి చెప్పాలి. ఆ ప్రాంతంలో ఆడవాళ్ళు మధ్యాహ్నం అన్నాలయ్యాక లేసు అల్లుతారు. దారం ఉండ ఒళ్ళో పెట్టుకుని, కొక్కెం ఉన్న సన్నటి సూదితో పువ్వులు, ఆకులు, అంచులు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని కూడా అల్లుకోవచ్చు. కానీ అల్లరు. ఎదురింటి అరుగు మీద చేరతారు. ఊళ్ళో ఎవరి కోడలు అలిగిందో, ఎవరి చెరువులో రొయ్య చచ్చి తేలిందో, ఎవరి సంబంధం తప్పిందో అన్నీ అక్కడే తేలతాయి. ఆ అరుగుకి మా పిన్ని పెద్ద. ఎవరి పువ్వులో రేకు తప్పినా దూరం నుంచే కనిపెట్టి "విప్పు" అనేది. విప్పేవాళ్ళు. ఆపరేషన్ తరవాత పిన్ని ఆ అరుగు ఎక్కలేదు. కిటికీ దగ్గర కూర్చుని చూస్తుంది. ఎవరైనా చూడ్డానికొస్తే లోపలి గదిలోకి వెళ్ళి పడుకుంటుంది.

కారణం పెద్ద వేదాంతమేం కాదు. తొడుక్కోవడానికి ఆవిడకి రవిక లేదు.

బీరువానిండా ఉన్నాయి, పనికొచ్చేది లేదు. ఎడమచెయ్యి భుజం నుంచి మోచేతిదాకా వాచి ఉంటుంది. పొద్దున్న తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. పాత జాకెట్లలో ఆ చెయ్యి దూరదు. హుక్కులు సరిగ్గా కుట్లు పడ్డచోట గుచ్చుకుంటాయి. పెద్ద సైజువి తెస్తే కుడి భుజం మీంచి జారిపోతాయి. మరదలు పాపం ఆన్‌లైన్లో వెతికి, లోపల రబ్బరులాంటి మెత్త పెట్టుకునే ప్రత్యేకమైన బాడీ తెప్పించింది. మన ఉక్కపోతలో దాన్ని ఒక పూట వేసుకుని చూడమనండి ఆ కనిపెట్టినవాళ్ళని. పిన్ని దాన్ని "బొప్పాయికాయ" అని పేరు పెట్టి బీరువా అడుక్కి తోసేసింది. నైటీయే గతి. ఊళ్ళో సగంమంది నైటీ మీద తువ్వాలు కప్పుకుని బజారుకి కూడా వెళ్ళొస్తారు. మా పిన్ని ఆ రకం కాదు. "చీర కట్టుకోకుండా గడప దాటను" అంటుంది. చీర కట్టుకోవాలంటే రవిక కావాలి.

డాక్టరుగారు నాతో విడిగా చెప్పారు. చంక దగ్గర ఒరుసుకునే బట్ట వద్దు, కానీ చేతిని మాత్రం ఊరికే ఉంచొద్దు, అల్లికా అదీ మెల్లగా చేసుకోనివ్వండి, వాడకపోతే బిగుసుకుపోతుంది అని. పిన్ని ఇంట్లో కూర్చుని అల్లదు. "ఒక్కదాన్నీ కూర్చుని ఎవరికి చూపించాలి" అంటుంది. అందుకని మాకందరికీ ఒకటే పని మిగిలింది. ఆవిణ్ణి ఆ అరుగు ఎక్కించాలి.

బాబాయితో వాదన పెరిగింది. నేను కుప్పసం దగ్గర మొదలుపెట్టి అమ్మమ్మ దాకా వచ్చాను. అమ్మమ్మ రవికకి హుక్కులుండేవి కావు. ముందు రెండు కొసలుండేవి. వాటిని రొమ్ముల కింద ముడేసుకునేది. చిక్కితే బిగించేది, ఒళ్ళొస్తే వదులు చేసేది. అదే రవిక తొడుక్కుని పిల్లల్ని కన్నది, పాలిచ్చింది, పొలానికెళ్ళింది.

అప్పుడు మరదలు అంది. "వదినా, అయితే అత్తయ్యగారికి అలాంటిదే కుట్టించొచ్చు కదా? హుక్కు గొడవుండదు. చెయ్యి వాచిన రోజు ముడి వదులు చేసుకోవచ్చు."

అంతసేపూ నెగ్గడం మీదే ధ్యాస పెట్టిన నాకు రాని ఆలోచన అది.

"ముసలమ్మల రవిక నాకెందుకే?" అంది పిన్ని.

"నువ్వేమన్నా పడుచుపిల్లవా?" అన్నాడు బాబాయి. పిన్ని ఆయన వంక చూసిన చూపు చాలా నెలల తరవాత పాత చూపులా ఉంది. నాకు ఆశ పుట్టింది.

గుడ్డ కోసం బీరువా తీశాం. మన జిల్లాల్లో రవికల గుడ్డ తిరిగినంత దూరం మనుషులు కూడా తిరగరు. పేరంటానికి వెళ్తే తాంబూలంలో పెడతారు. మనం తెచ్చి బీరువాలో పెడతాం. మనింటికి వచ్చినావిడకి అదే పెడతాం. ఆవిడ ఇంకొకరికి. ఆ గుడ్డ పుట్టిందెక్కడో, కత్తెర చూసేదెప్పుడో ఎవరికీ తెలియదు. పిన్ని బీరువాలో అలాంటివి దొంతర్లు. ఆకుపచ్చది ఒకటి తీశాను, సన్నటి మెరుపు అంచుతో.

"వదినా, అది మీరు పెట్టిందేనండి, మీ గృహప్రవేశానికి" అంది మరదలు.

"నేను కొన్నది కాదులే. నాకెవరో పెట్టిందే."

"ఆ ఎవరోకి నేను పెట్టాను" అంది పిన్ని, మంచం మీంచి.

దాన్ని పట్టుకుని నరసాపురంలో లేడీస్ టైలర్ దగ్గరికి వెళ్ళాం. మంచి పనిమంతురాలే, ముడిరవిక అనగానే ఉత్సాహపడిపోయింది. "తెలుసండి మేడం, ఇప్పుడు అదే కదండి ఫ్యాషను" అని ఫోన్లో ఫోటో చూపించింది. వీపు మొత్తం ఖాళీగా, ముందు సీతాకోకచిలుకలాంటి ముడితో ఎవరో అమ్మాయి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇది తొడుక్కుంటే మా పిన్ని అరుగెక్కడం కాదమ్మా, అరుగు మీద వాళ్ళందరూ దిగి పారిపోతారు" అన్నాను.

"అలాగైతే వీపు మూసేస్తానండి. ఆయ్. ముడి మాత్రం ముందే ఇస్తాను."

వీపు మూసింది. ముడి ముందే ఇచ్చింది. చేతులు మాత్రం ఇప్పటి జాకెట్టుకి కత్తిరించినట్టే గుండ్రంగా కత్తిరించి కుట్టింది. నేను, మరదలు పక్కనే ఉండి కూడా అది తప్పని గ్రహించలేదు. గుడ్డ పెట్టుబడుల గుడ్డ. పెట్టడానికే తప్ప తొడుక్కోవడానికి నేసింది కాదు. చెమట పీల్చదు. పిన్ని మా బలవంతం మీద తొడుక్కుంది. చెయ్యి ఎలాగో దూరింది. కాసేపటికి చంక కింద పట్టేసింది. విప్పుదామంటే చెయ్యి పైకి లేవదు, కిందికి రాదు. మధ్యలో ఇరుక్కుపోయింది. పిన్ని అరవలేదు. పెదవి బిగపట్టింది. మరదలు కత్తెర తెచ్చి కుట్టు పొడుగునా కోసేసింది.

"నా ఒంటి మీద ఇంక ప్రయోగాలు చాలమ్మా" అంది పిన్ని. "నేను బయటికి రాకపోతే ఎవరికి నష్టం?"

తిట్టి ఉంటే బాగుండేది. మా ఇంట్లో తిట్లు ఆరోగ్యానికి గుర్తు. ఈ మెత్తటి మాట విని బాబాయి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను రాజమండ్రి బస్సెక్కాను.

బస్సులో కూర్చున్నంతసేపూ అమ్మమ్మ రవిక ఎలా ఉండేదో గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. ముడి గుర్తొచ్చింది. ఆ ముడిలో పెట్టుకునే వక్కపలుకు గుర్తొచ్చింది. చెయ్యి దగ్గర ఎలా ఉండేదో మాత్రం గుర్తు రాలేదు. కవుల్ని అడుగుదామంటే వాళ్ళు చూసింది ముందువైపే. వీపు మీద కుట్టు ఎక్కడుంది, చంక దగ్గర ఏం చేశారు అన్న సంగతి ఒక్క పద్యంలోనూ లేదు. పోనీ అమ్మమ్మ రవిక ఒకటి చూద్దామంటే అదీ లేదు. మనలో మనిషి పోతే కట్టుకున్న బట్టలు ఇంట్లో ఉంచరు. చాకలికి ఇస్తారు, మిగతావి వదిలేస్తారు. అమ్మమ్మవి కూడా అలాగే పోయాయి.

ఇంటికెళ్ళాక దుప్పట్ల అర సర్దుతుంటే బొంత చేతికొచ్చింది.

నా మొదటి కాన్పుకి అమ్మమ్మ కుట్టిన బొంత. పసిబిడ్డకి కొత్తగుడ్డ గరుగ్గా ఉంటుందని, ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత బట్టలు పొరలుపొరలుగా పరిచి కుడతారు. పైనా కిందా చీర. మధ్యలో ఏముంటుందో ఎవరూ చూడరు. అమ్మమ్మ తన బట్టలతోనే కుట్టింది. నేను కళ్ళజోడు పెట్టుకుని బ్లేడు తీసుకున్నాను. మా ఆయన వచ్చి "పిల్లల గుర్తు కదా, దాన్నెందుకు చింపుతున్నావు" అన్నారు. "చింపడం లేదు, చదువుతున్నాను" అన్నాను. ఆయనకి నాతో వాదించే అలవాటు చాలాకాలం కిందటే పోయింది.

చీర పొర లేపితే పంచె ముక్క. దాని కింద కందిరంగు నూలు గుడ్డ. రవికే. అమ్మమ్మ దాన్ని పక్కకుట్లు విప్పి, బల్లపరుపుగా పరిచి, పైనుంచి టాకాలు వేసేసింది. ఒక చెయ్యి ఊడిపోయి విడిగా ఉంది. రెండో చెయ్యి మాత్రం ఒంటికి అతుక్కునే ఉంది. ఆ చేతికీ ఒంటికీ మధ్య, సరిగ్గా చంక రావలసినచోట, అరచెయ్యంత చదరపు ముక్క ఒకటి ఉంది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ నరసాపురం బస్సు. పిన్ని మంచం మీద ఆ ముక్కల్ని పరిచాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. నేనూ మరదలూ పక్కన కూర్చుని ముక్కలు అటూ ఇటూ తిప్పుతున్నాం. "ఇది వీపు వదినా" అంటుంది ఆవిడ. "కాదు, ముందు భాగం" అంటాను నేను. "మరి ఈ చదరపు ముక్క మెడ కిందకి వస్తుందా?" "మెడ కింద చదరం ఎందుకమ్మా, జేబా?" అలా చాలాసేపు కొట్టుకున్నాం. నిజానికి నాకు కొంత అర్థమయింది. ఆ చదరాన్ని ఎటు తిప్పి కుట్టాలో మాత్రం తెలియలేదు.

గోడవైపు నుంచి మాట వినిపించింది. "తలకిందులు పెట్టావే."

"ఏది?"

"ఆ చంకముక్క. మూల చేతిలోకి పోవాలి. ఇంకో మూల నడుంవైపు. నువ్వు చాపలా పరిచావు."

"నీకెలా తెలుసు?"

"మా అమ్మ రవికలు నేను కుట్టలేదేంటే? మీ అమ్మకి సూది పట్టుకోవడం చేతకాకపోతే నేనే కదా కుట్టింది! పెళ్ళికి ముందు మాట. లేసు దారంలో పడ్డాక మర్చిపోయాననుకున్నాను." లేచి కూర్చుంది. నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది. "ఇలా చూడు. చెయ్యి గుండ్రంగా కొయ్యకూడదు. తిన్నటి పట్టీయే చెయ్యి. మడిచి ఒంటికి కుట్టెయ్యడమే. అప్పుడు చంకలో లాగేస్తుంది కదా, లాక్కుండా ఈ ముక్క. చెయ్యి ఎత్తితే విచ్చుకుంటుంది, దించితే ముడుచుకుంటుంది. ఒక్క రవ్వ గుడ్డ కూడా వృథా పోదు."

"ముందే చెప్పొచ్చు కదా పిన్నీ! టైలర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు!"

"నన్ను అడిగారా? నువ్వు మీ బాబాయికి కావ్యాలు చెప్పడంలో ఉన్నావు."

నేను లేచి పేపరూ పెన్సిలూ వెతకడం మొదలుపెట్టాను. వాదించకుండా నేను పనిలోకి దిగడం చాలా అరుదు.

ఇక గుడ్డ. మెత్తటి పాత నూలు కావాలంది పిన్ని. ఎన్నో ఉతుకులు తిన్నది. ముగ్గురం ఒకేసారి దండెం వంక చూశాం. బాబాయి పంచె ఆరుతోంది.

"అది నాకు మంచి పంచె" అన్నాడు బాబాయి గుమ్మంలోంచి.

"చిరుగు చూసుకున్నారా ఎప్పుడైనా? అది కట్టుకుని వీధిలోకి వెళ్తే సిగ్గు నాకు" అంది పిన్ని.

"పెళ్ళాం రవిక కోసం పంచె ఇచ్చిన మొగుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను చరిత్రలో."

"కావ్యంలో రాయించుకోండి" అన్నాను.

పేపరు పరిచి పిన్ని చేత్తోనే కొలిచి నా చేత గీయించింది. కత్తిరించింది మరదలు. ఇంట్లో చీరలకి ఫాల్స్ కుట్టుకునే మిషను ఉంది, దాని మీదే కుట్టింది. చంకముక్క మాత్రం పిన్ని మిషను మీద కుట్టనివ్వలేదు. కుట్టు గట్టిగా తేలి ఒరుసుకుంటుందని చేత్తో తానే కుట్టింది. ఎడమచేత్తో గుడ్డ పట్టుకుని, కుడిచేత్తో సూదితో. ఆ ఎడమచెయ్యి పనిచేస్తోందని మేం ముగ్గురం గమనించాం. గమనించినట్టు ఎవరం అనలేదు. బాబాయి మాత్రం ఆగలేక "చెయ్యి..." అనబోతే మరదలు ఆయనకి కాఫీ గ్లాసు అందించింది.

రవిక తొడుక్కుంది పిన్ని. చెయ్యి సులువుగా దూరింది. ఎత్తింది, దించింది. మళ్ళీ ఎత్తింది. ముందు కొసలు ముడేసింది. ముడి మధ్యలో నిలవలేదు. ఒకవైపు ఖాళీ కదా, ఎడమవైపుకి జారింది. నేను సర్దబోయాను. నా చెయ్యి తోసేసింది. "ఉండనీ. అది అక్కడే ఉంటుంది ఇంక." పైన నేతచీర కట్టుకుంది. అద్దంలో చూసుకుంది. పైట ఎడమవైపు కొంచెం పల్చగా పడింది. అది చూసి ఆవిడ మొహం వాడింది. మరదలు మెల్లగా బీరువా అడుగు నుంచి బొప్పాయికాయ తీయబోయింది.

"దాన్ని ముట్టుకున్నావంటే కాలువలో విసిరేస్తాను" అంది పిన్ని. పైట సర్దుకోబోయి వదిలేసింది. తరవాత మేజా మీద దుమ్ము పట్టిన లేసు సంచీ తీసుకుని, గుమ్మం దాటి, వీధి దాటి, ఎదురింటి అరుగు ఎక్కేసింది. మేం రెడీగా కూడా లేం. చెప్పుల కోసం వెతుక్కుంటూ వెనకాల పరుగెత్తాం.

అరుగు మీద సూదులన్నీ ఆగాయి. నాకు చాలా భయమేసింది. అందులో పెద్దావిడ ఒకామె దారం కొరుకుతూ తలెత్తి చూసింది.

"ఏంటమ్మో, మీ అమ్మ దిగొచ్చిందనుకున్నాను! ఆ రవికేంటి?"

"మా అమ్మదే. బాగాలేదా?"

"బాగాలేకపోడమేంటి. ఈ ఎండల్లో మేం ఈ హుక్కుల్లో ఉడికి చస్తున్నాం. జరగండే, ఆవిణ్ణి కూర్చోనివ్వండి."

జరిగారు. పిన్ని కూర్చుంది. పక్కనున్న అమ్మాయి చేతిలో పువ్వు వంక చూసింది. "విప్పు" అంది.

ఆ అమ్మాయి ఏడుపు మొహం పెట్టి విప్పింది. నాకు అంతకంటే మంచి మాట ఈ మధ్య వినపడలేదు.

తరవాత పిన్ని సంచీలోంచి తెల్లదారం తీసి అల్లడం మొదలుపెట్టింది. మధ్యలోంచి మొదలుపెట్టి గుండ్రంగా, మెల్లగా, చెయ్యి నొప్పి పుట్టినప్పుడల్లా ఆగుతూ. కొన్ని వరసలు అయ్యేసరికి అది పళ్ళెంలా పడకుండా గిన్నెలా లోతు తేలింది.

"ఏంటక్కా అది? మనవడికి టోపీయా?" అడిగింది ఒకావిడ.

"టోపీ కాదే. నాది నేను అల్లుకుంటున్నాను" అంది పిన్ని. "లోపల దూది కూరుకుంటాను. బరువుండదు, ఉడకదు. మాసిపోతే ఉతుక్కోవచ్చు."

ఎవరికీ ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ముందు నవ్వింది పెద్దావిడే. "కుడివైపు దాంతో సరిచూసుకుంటూ అల్లు. తేడా వస్తే మేం విప్పిస్తాం!" ఇక అరుగంతా నవ్వులే. పిన్ని కూడా నవ్వింది. చూస్తూండగానే కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అందులో ఏ నీళ్ళు నవ్వువో, ఏవి కావో నేను తేల్చదలుచుకోలేదు. మరదలు మాత్రం నా జబ్బ గట్టిగా పట్టుకుంది.

బాబాయి వీధి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఎవరో ఆయన్ని అడిగారు, ఈ రవిక పేరేంటి మాస్టారూ అని. ఆయన గొంతు సవరించుకున్నాడు. "దీన్ని కుప్పసం అంటారండి. మన కావ్యాల్లో ఉంది. దొరసానులు తెచ్చారని కొందరు తెలియక అంటూంటారు."

నేను ఆయన వంక చూశాను. ఆయన ఆకాశం వంక చూశాడు.

ఆ తరవాత పిన్ని పంచెలు, పాత దుప్పట్లు కలిపి ఇంకొన్ని కుట్టుకుంది. ఎదురింటి పెద్దావిడ తనకొకటి కావాలంది, భుజం నొప్పిట. పిన్ని చెయ్యి ఇంకా వాస్తూనే ఉంది. సాయంత్రాలు ఎక్కువే. పరీక్షలకి వెళ్ళాల్సిన రోజు దగ్గరపడితే ఇంట్లో అందరం నీరసపడతాం. అయినా మొన్న ఫోన్ చేస్తే తీయలేదు. మరదలికి చేశాను. "అరుగు మీదున్నారు వదినా, దెబ్బలాడుతున్నారు, తరవాత చేయిస్తాను" అంది. చాలు.

కుప్పసం గురించి నాకు తెలిసిందంతా బాబాయికి ఒప్పజెప్పేశాను, ఇప్పుడు ఊరంతటికీ ఆయనే చెప్పుకుంటున్నాడు. ఎవరు తెచ్చారన్న గొడవ మీద నాకు మునుపటంత మోజు లేదు. నన్ను పట్టుకుని వదలనిది ఆ చంకముక్క. కావ్యాల నాటి కుప్పసానికి అది ఉందో లేదో ఏ తాత్పర్యంలోనూ దొరకదు. ఉన్నా కవి కంట పడే చోటు కాదది. కానీ ఎప్పుడో ఒకప్పుడు, ఎవరో ఒకావిడ తిన్నటి పట్టీని చేతికి కుట్టి, చంకలో లాగుతోందని చూసి, అక్కడ ఒక చదరపు ముక్కని మూలగా తిప్పి పెట్టి ఉంటుంది. సరదాకి పెట్టే ముక్క కాదు. చెయ్యి ఎత్తలేక ఒకరు పెదవి బిగపట్టడం చూస్తే తప్ప ఆ ఆలోచన రాదు. ఆవిడ ఎవరి చెయ్యి చూసి ఆ ముక్క వేసింది? తన చెయ్యేనా?